చేతిపని విద్య – మన బిడ్డల జీవనోపాధి

పొలము తాకట్టుపెట్టి కుమారుని పట్టభద్రుని గావించియు, ఉద్యోగము దొరకక చింతించు తండ్రులు మన గ్రామములలో పెక్కురు కలరు. లోపము బాలునియందు లేదు. చదువునకును పనికిని పొత్తు లేకుండుటయందే యున్నది.

2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ లోపమును ఒప్పుకొన్నది. అది యుదహరించిన 12వ పంచవర్ష ప్రణాళిక అంచనా ప్రకారము, 19 మొదలు 24 ఏండ్ల పనివారిలో క్రమమైన వృత్తివిద్య పొందినవారు మన దేశమున నూటికి 5గురికంటె తక్కువ, జర్మనీలో 75గురు, దక్షిణ కొరియాలో 96గురు. జర్మనీలో విద్యార్థి వారమున కొన్ని దినములు కర్మాగారమున భృతితో పని నేర్చుచు, తక్కిన దినములు పాఠశాలకు పోవును.

మనకును 1961 నాటి అప్రెంటిస్ చట్టము కలదు. పని నేర్చుకొనువానికి భృతి యియ్యవలెనని అది విధించుచున్నది. విత్తనము మంచిదే, నీరందనిచో పైరు పండదు. కావున ప్రభుత్వము శిక్షణను పల్లెలకు చేరువ చేయవలయును. చేతిపని నేర్చినవానికి పైచదువుల ద్వారము తెరచి యుంచవలయును. మనమును చేతిపనియెడల చులకన భావమును విడువవలయును. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శిక్షణ రెండేండ్లే. పదవ తరగతి ముగించిన బిడ్డను, కుమారుడైనను కుమార్తెయైనను, వెంటబెట్టుకొని సమీపమునగల ఐ.టి.ఐ.ని ఒకమారు చూచి రండు. పొలము తాకట్టు మాట పిమ్మట ఆలోచింపవచ్చును.