ఏప్రిల్‌లో గుల్‌మర్గ్ వెళ్తే మంచు దొరుకుతుందా?

పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయంటే మన ఇళ్లల్లో కాశ్మీర్ మాట మొదలవుతుంది. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు ఏ ఊరి కుటుంబమైనా టూర్ ఏజెంటును ముందుగా అడిగేది ఒకటే, "మంచు ఉంటుందా భాయ్?" అని. ఏజెంటు "తప్పకుండా ఉంటుంది" అంటాడు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

మా ఖాలా వాళ్లు ఒక ఏడాది ఏప్రిల్ చివర్లో గుల్‌మర్గ్ వెళ్లారు. గండోలా ఎక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మొదటి స్టేషన్‌లో దిగితే బురద, మధ్యలో మట్టి రంగు పట్టిన మంచు. పిల్లలు అద్దె గమ్ బూట్లతో అడుగేస్తే కాలు దిగబడి బూట్లలోకి నీళ్లు వచ్చాయి. పైన గాలి ఎక్కువగా ఉందని రెండో ఫేజ్ ఆపేశారు. వాళ్ల వీధిలోని ఇంకో కుటుంబం అదే వారంలో పొద్దున్నే రెండో ఫేజ్ దాకా వెళ్లి, చుట్టూ తెల్లగా ఉన్న ఫోటోలు పంపింది. కొండ అదే, వారం అదే. మరి తేడా ఎక్కడొచ్చింది?

సీజన్ చివర్లో మంచు సంగతి తేదీ చూసి చెప్పలేం. ఎంత ఎత్తులో ఉన్నారు, ఏ గంటకు ఉన్నారు అన్నవే తేలుస్తాయి. ఈ రెండూ అర్థమైతే డబ్బు వృథా కాదు, ప్రమాదమూ తగ్గుతుంది.

ఒకే కొండ, మూడు వాతావరణాలు

గుల్‌మర్గ్ మైదానం సముద్రమట్టానికి దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గండోలా మొదటి ఫేజ్ కొంగ్‌డోరి వరకు, అంటే సుమారు 3,080 మీటర్ల దాకా వెళ్తుంది. ఇది 1998లో మొదలైంది. 2005లో వచ్చిన రెండో ఫేజ్ అఫర్వత్ కొండ మీద 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది.

మామూలుగా ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది. అంటే కింద మైదానంలో 10 డిగ్రీలుంటే పైన 2 డిగ్రీలే ఉండొచ్చు. అందుకే ఏప్రిల్‌లో కింద వాన పడుతుంటే అదే సమయంలో పైన మంచు కురుస్తుంది. మైదానంలో పచ్చగడ్డి మొలుస్తుంటే అఫర్వత్ మీద స్కీయింగ్ చేసేవాళ్లు కనిపిస్తారు. "గుల్‌మర్గ్‌లో మంచు ఉందా" అని అడిగితే ఈ మూడింటిలో ఎక్కడ అన్నది కూడా అడగాలి.

చిల్లా లెక్క

చిల్లా అంటే నలభై రోజులని జమాత్‌లో వెళ్లొచ్చిన వాళ్లు ఉన్న ఇళ్లల్లో అందరికీ తెలుసు. కాశ్మీరీలు చలికాలాన్ని కూడా ఆ మాటతోనే లెక్కపెడతారు. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత పది రోజులు చిల్లై బచ్చా. పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి అన్నమాట.

ఈ లెక్కలో అనుభవం ఉంది. చిల్లై కలాన్‌లో పడిన మంచు గడ్డకట్టి నిలుస్తుంది, దాని మీద పొర మీద పొర చేరుతుంది. మార్చిలో పడే మంచు చూడ్డానికి ఎంత ఎక్కువగా ఉన్నా త్వరగా కరిగిపోతుంది. వసంతంలో మనం చూసేది ఎక్కువగా డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో దాచిన సొమ్మే. అప్పుడు జమ తక్కువైతే ఏప్రిల్‌లో ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలదు.

ఈ మధ్య జమ సరిగా ఉండటం లేదు. 2024 జనవరిలో గుల్‌మర్గ్ చాలా రోజులు మంచు లేక ఎండిపోయి కనిపించింది, నెలాఖరుకు గానీ కురవలేదు. 2025లో ఫిబ్రవరి చివర్లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. స్కీయింగ్ నేర్పేవాళ్లు, స్లెడ్జ్ లాగేవాళ్లు, గుర్రాలవాళ్లు, బూట్లు అద్దెకిచ్చేవాళ్ల ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ కొద్ది నెలల్లోనే వస్తుంది. మనకు ఒక టూర్ పాడైతే వాళ్లకు ఇల్లు గడవడమే కష్టం.

రాత్రి గడ్డ, పగలు నీరు

శీతాకాలంలో పడే కొత్త మంచు పిండిలా తేలిగ్గా ఉంటుంది. ఒక ఘనపు మీటరు మంచు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. వసంతానికి అది కరుగుతూ, గడ్డకడుతూ దట్టమవుతుంది. అదే ఘనపు మీటరు 400, 500 కిలోలకు చేరుతుంది.

పగలు ఎండకు పై పొర కరిగి నీరు లోపలికి దిగుతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసి మళ్లీ గట్టిపడుతుంది. రోజూ ఇలా జరుగుతుంటే మంచు మొక్కజొన్న గింజలంత గుండ్రటి రేణువులుగా మారుతుంది. స్కీయింగ్ వాళ్లు దీన్ని కార్న్ స్నో అంటారు, దీని కోసం ఎదురుచూస్తారు కూడా.

రోజులో దీని వరస ఇలా ఉంటుంది. తెల్లవారుజామున గచ్చులా గట్టిగా ఉంటుంది, కాలు జారితే దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఎండ పడిన కాసేపటికి పైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడి, కింద గట్టిగానే ఉంటుంది. అదే మంచి సమయం. మధ్యాహ్నానికి మొత్తం మెత్తబడి గుజ్జులా అవుతుంది, స్కీ కదలదు, కాలు దిగబడుతుంది. మా ఖాలా వాళ్లు వెళ్లింది ఈ గుజ్జు సమయంలో.

తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, పడమర వాలు ఆలస్యంగా. ఉత్తరం వైపు వాలు మీద మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే దుప్పటి కప్పినట్టు వేడి పైకి పోదు, మంచు గట్టిపడదు. అలాంటి రోజు పొద్దున్న కూడా గుజ్జే ఉంటుంది. అందుకే ముందు రాత్రి చుక్కలు కనిపించాయా అన్నది ఒకసారి చూసుకోండి.

భయపడాల్సింది ఎక్కడ?

2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ ప్రాణం పోయింది. అవి చలికాలం ప్రమాదాలు. వసంతంలో ప్రమాదం ఇంకో రకంగా వస్తుంది. కరిగిన నీరు పొరల మధ్యకు దిగి పట్టు వదిలిస్తుంది, తడి మంచు బరువుగా, ముద్దగా జారుతుంది. వేగం తక్కువే అయినా సిమెంటులా బిగుసుకుంటుంది. ఎండ పెరిగే కొద్దీ, వాన పడితే మరీ, ఈ ముప్పు పెరుగుతుంది.

మనలాంటి మామూలు టూరిస్టులకు నియమం సులువే. తాడు కట్టిన హద్దు దాటొద్దు. ఫోటో కోసం నిటారు వాలు కిందికి వెళ్లి నిలబడొద్దు. స్కీ పెట్రోల్ వాళ్లు వద్దంటే వాదించొద్దు. గాలికి రెండో ఫేజ్ ఆపేస్తే అది మన మంచికే.

పెద్దవాళ్ల సంగతి ముఖ్యం. 3,950 మీటర్ల ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో దొరికే దానిలో సుమారు 62 శాతమే. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా రెండో ఫేజ్ ఎక్కొద్దు. తలనొప్పి, వాంతి, ఆయాసం వస్తే చేయాల్సింది ఒకటే, వెంటనే కిందికి దిగడం. కొత్త మంచు ఎండలోని అతినీల కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. పిల్లలకు కూడా నల్ల కళ్లద్దాలు కావాలి, లేకపోతే సాయంత్రానికి కళ్లు మండి నీళ్లు కారతాయి.

మరి ఎప్పుడు వెళ్లాలి?

స్కీయింగ్ నేర్చుకోవాలంటే జనవరి, ఫిబ్రవరి నెలలు. మార్చిలో కొంగ్‌డోరిలో, పైన మంచు ఉంటుంది, చలి కాస్త తగ్గుతుంది. ఏప్రిల్‌లో నమ్మకం రెండో ఫేజ్ మీదే. మే నెలలో పైన కూడా ముక్కలు ముక్కలుగా మిగులుతుంది.

2025లో మనకు ఈదుల్ ఫితర్ మార్చి 31న వచ్చింది. ఈద్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, వచ్చే కొన్నేళ్లు ఈద్ తర్వాత ప్రయాణం మంచి మంచు రోజుల్లోకే వస్తుంది. ఇంట్లో టెన్త్ పిల్లలు లేకపోతే ఇది ఆలోచించవచ్చు.

స్కూలు సెలవుల్లోనే వెళ్లక తప్పదంటే శ్రీనగర్ నుంచి కాకుండా టంగ్‌మర్గ్‌లోనో గుల్‌మర్గ్‌లోనో ముందు రాత్రి ఉండండి. శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ 50 కిలోమీటర్లు, దారిలోనే పొద్దు గడిచిపోతుంది. గండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, మొదటి గంటలదే చూసుకోండి. ఫజర్ తర్వాత మళ్లీ పడుకోకుండా తయారైతే చాలు, మంచి మంచు దొరికే సమయానికి పైకి చేరవచ్చు. ఏజెంటును మాత్రం "మంచు ఉంటుందా" అని అడగొద్దు. "ఏ ఫేజ్‌లో, ఎన్ని గంటలకు తీసుకెళ్తారు, రెండో ఫేజ్ ఆపితే డబ్బు సంగతేంటి" అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.