మాటల అతుకుపని

మా మొగల్తూరు పొరుగుననున్న నరసాపురము లేసు పనిలో పువ్వు లల్లువా రొకరు, వానిని జతచేయువారు వేరొకరు. ఈ రెండవదానిని అతుకుపని యందురు. కంప్యూటరునందు వ్రాతముక్కలను కూర్చుటకును ఇట్టి పద్ధతి కలదు. ఐ.బి.ఎం. సంస్థలో నిక్ ఓలియరీ, డేవ్ కాన్వే జోన్స్ అనువారు 2013లో నిర్మించిన నోడ్-రెడ్ అను సాధనమును ఉదాహరణముగ గైకొందము.

తెరమీద చిన్న గడులుండును; వానిని నోడు లందురు. ఒక్కొక్కటి యొక్కొక్క పని చేయును. గడికిని గడికిని నడుమ మౌసుతో తీగ లాగినచో నొకదాని ఫలితము రెండవదానికి చేరును. జాయిన్ అను గడి తనయొద్దకు వచ్చిన ముక్కలను కలిపి యొకే వ్రాతగ జేయును. ఎన్ని ముక్కలు కలుపవలెనో, నడుమ నేమి యుంచవలెనో మనమే చెప్పవలెను.

నడుమ నేమియు నుంచకున్న, ఆంగ్లమున మాటలు రెండు తగులుకొనుటతో సరి. తెలుగున నింకొక చిక్కు కలదు. 'జాన్', 'పాల్' అను ముక్కలను ఖాళీ లేక కలిపినచో తెర 'జాన్పాల్' అని చూపును. పొల్లు మాయమై, పకారము నకారమునకు వత్తుగ చేరును. యంత్రము సంధి చేసినదని భ్రమింపరాదు. 'వాడు', 'ఎవడు' అనువానిని కలుపుమన్నచో 'వాడుఎవడు' అనియే యిచ్చును. వ్యాకరణము దానికి రాదు. పొల్లు వెంట హల్లు వచ్చిన వత్తుగ చూపుట యూనికోడు లిపి నియమము, అంతే. ఒక ఖాళీ యుంచిన నీ చిక్కు తీరును.

ఇంతకంటె పెద్ద యపాయము కలదు. జాయిన్ గడి ముక్కలను వచ్చిన వరుసలోనే కలుపును. ఇంటిపేరు, పేరు వేర్వేరుగ వచ్చుచుండగా, రెండు చేరినంతనే పంపుమని చెప్పితి మనుకొందము. ఒక బాలిక పేరు రాలేదు. గడి వేచియుండును. తరువాతి బాలుని యింటిపేరు రాగానే, రెండైనవి గదా యని యా రెండింటిని కలిపి పంపివేయును! అటుపిమ్మట పట్టికలోని పేర్లన్నియు నొక్కొక్క మెట్టు జరుగును. యోగ్యతాపత్రము మీది పేరు దిద్దించుకొనుటకు ఎన్ని గుమ్మము లెక్కవలెనో తల్లిదండ్రు లెరుగుదురు.

కావున నిట్టి పనికి జాయిన్ గడిని మేము మెచ్చము. ఇంటిపేరును పేరును మొదటినుండి యొకే సందేశమున వేర్వేరు అరలం దుంచి, టెంప్లేటు అను గడిలో దేని చోటు దానికి చూపుట మేలు. అప్పుడు పేరు రాని బాలిక పత్రమున నా చోటు ఖాళీగ నుండును. తప్పు కంటబడును, పొరుగువానికి తగులదు.

ముక్కల చివర నెవరైన నొక ఖాళీ విడిచియుంచిరేమో యనియు ముందుగ చూచుకొనవలెను. అట్లున్నచో పేరు నడుమ రెండు ఖాళీలు పడును. మన కంటికి తేడా తోపకున్నను, యంత్రము వెదకునప్పుడు దానికి అది వేరొకరి పేరు.