నుదుటి పట్టం, బెండు బాసికం

సినిమాల్లో రాజుగారు నిద్దట్లో కూడా కిరీటం తియ్యరు, చూశారా! అది చూసి పెరిగిన మనవలకి మన వైపు రాజుని రాజు చేసింది కిరీటం కాదంటే నమ్మబుద్ధి కాదు. నుదుటి మీద ఒక బంగారు రేకు కట్టేవారర్రా. దాన్నే పట్టం అన్నారు. ఆ తంతు పట్టబంధం.

వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దీనికి కొలతలు కూడా ఇచ్చాడు. నడిమధ్యన రాజు పట్టం ఎనిమిది అంగుళాల వెడల్పు, పట్టపురాణిది ఏడు, యువరాజుది ఆరు, సేనాపతిది నాలుగు. పొడవు వెడల్పుకి రెట్టింపు, అంచుల దగ్గర వెడల్పు సగం. రాజు పట్టానికి అయిదు శిఖలు, రాణికీ యువరాజుకీ మూడేసి, సేనాపతికి ఒకటే. ఎవరి హోదా ఎంతో నుదురు చూస్తే తెలిసిపోవాలి మరి!

మనమూ ఒక లెక్క వేద్దాం. ఆ పాత అంగుళం ఇంచుమించు 1.9 సెంటీమీటర్లు. రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు అనుకోండి. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు. అంచుల సన్నదనం కూడా లెక్కలోకి తీసుకుని గుణిస్తే రాజుగారి పట్టం 67 గ్రాముల దగ్గర తేలుతుంది. సాగగొడితే ఒక్క గ్రాము బంగారం చదరపు మీటరంత పరుచుకుంటుంది కాబట్టి అంత పల్చటి రేకు కొట్టడం కంసాలికి కష్టమేం కాదు. పైగా నుదురంటే చెమట. చెమట ఉప్పుకి రాగి చిలుమెక్కుతుంది, గాలిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది. బంగారానికి ఈ రెండు బాధలూ లేవు.

ఇక పట్టం కట్టిన ముహూర్తం సంగతి. వేంగి చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం ఎప్పుడో మన గోదావరి గట్టు మీది కోరుమిల్లి తామ్రశాసనం చెబుతుంది. శక సంవత్సరం 944, సూర్యుడు సింహంలో, బహుళ విదియ, గురువారం, ఉత్తరాభాద్ర నక్షత్రం. తిథి, వారం, నక్షత్రం మూడూ ఒకే రోజున కలవడం మాటలు కాదు. అందుకే పండితులు లెక్కగట్టి 1022 ఆగస్టు 16 అని తేల్చగలిగారు. చంద్రుణ్ణి సాక్షి పెట్టిన శాసనం అబద్ధమాడితే ఇట్టే దొరికిపోతుంది.

కిరీటం బదులు పట్టీ కట్టే పద్ధతి గ్రీకు రాజులకీ ఉండేది. తలకి ఒక గుడ్డ పట్టీ చుట్టి, వెనక ముడేసి, రెండు కొసలు వేలాడదీసేవారు. అలెగ్జాండరు తరవాతి రాజుల నాణేల మీద ఆ ముడి స్పష్టంగా కనిపిస్తుంది. మన శ్రీకృష్ణదేవరాయలైతే 1513లో తిరుమల స్వామికి నవరత్న కిరీటం సమర్పించాడు. అదే కొండ మీదున్న తన విగ్రహంలో మాత్రం పొడుగాటి కుళ్లాయితో నిలబడ్డాడు. కిరీటం దేవుడిది, మనిషికి పట్టం చాలు అన్నట్టుంటుంది నాకు.

రాజ్యాలు పోయినా పట్టం పోలేదనే నా నమ్మకం. సఖినేటిపల్లి రేవులో పంటు దిగే పెళ్లికొడుకు నుదుట బాసికం చూడండి. ఆ పూటకి అతనే రాజు! అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం జరిగే మాఘ శుద్ధ దశమి దగ్గరపడితే మా వైపు ఇక పెళ్లి కబుర్లే.

బాసికం చేసే జీలుగు బెండు సంగతి తమాషాగా ఉంటుంది. పచ్చిరొట్టకి చల్లే జీలుగ కాదిది, నీళ్లలో పెరిగే నీరుజీలుగ. నీళ్లలో తేలి నిలవడానికి దాని కాండం గాలి దాచుకుంటుంది. కణాల గోడలు మహా పల్చన, లోపలంతా గాలే. ఆ తేలిక వల్లే జాలర్లు వలలకి బెండ్లు కట్టారు. గాలి వేడిని తొందరగా దాటనివ్వదు కాబట్టి తెల్లదొరలు ఎండకి ఈ బెండుతోనే టోపీలు చేయించుకున్నారు. తాళి కట్టేదాకా నుదుట బరువు తెలియకపోవడమూ ఆ గాలి చలవే.

ఇప్పుడు థర్మోకోల్ బాసికాలు వస్తున్నాయి. అందులోనూ ఉన్నది గాలే గానీ పెళ్లయ్యాక గోదాట్లో వదిలితే ఏళ్ల తరబడి కుళ్లదు. మీ ఇంట్లో పెళ్లి కుదిరితే కొట్లో జీలుగు బెండు బాసికమే అడిగి తెచ్చుకోండి, అమ్మలూ.