పలెర్మో నగరము, దాని వంటకములు

మధ్యధరా సముద్రము నడుమ సిసిలీ యను ద్వీపము కలదు. అది ఇటలీ దేశములోనిది. దాని ఉత్తరతీరముననున్న పలెర్మో నగరమును గూర్చి నేడు మీతో ముచ్చటించెదను. క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున ఫినీషియా వర్తకులు దీనిని స్థాపించిరి. పిమ్మట రోమకులు ఏలిరి. 831లో అరబ్బులును, 1072లో ఉత్తరదేశీయులైన నార్మనులును వశపఱచుకొనిరి. ఇందఱు వచ్చి పోయినచోట మిగిలినదేమి? దీనికి సమాధానము నాకు కోటలో కొంతయు, కూరగాయల అంగడిలో కొంతయు దొరికినది.

నార్మను రాజు రెండవ రోజరు 12వ శతాబ్దమున తన కోటలో ఒక ప్రార్థనాలయమును కట్టించెను. దాని గోడలపై బంగారువన్నె గాజుతునకలు పొదిగి కూర్చిన క్రైస్తవ చిత్రములు గ్రీకుల పద్ధతివి. తల యెత్తి చూచిన కొయ్యకప్పు అరబ్బుల పద్ధతిది. నగరమందలి జీసా యను పాతమేడలో 1149 నాటి సమాధిఫలకము ఒకటి యున్నది. ఒక క్రైస్తవ పురోహితుడు తన తల్లికై చెక్కించిన యా రాతిపై లాటిను, గ్రీకు, అరబ్బీ వ్రాతలే గాక హీబ్రూ లిపిలో వ్రాతయు కలదు.

ఈ పొత్తు నిలువలేదు. 13వ శతాబ్దమున ఫ్రెడరికు చక్రవర్తి సిసిలీ ముస్లిములను ఇటలీలోని లుచేరా పట్టణమునకు తరలించెను. 1492లో వెలువడిన రాజశాసనమువలన యూదులును వెడలిపోవలసి వచ్చెను. మనుష్యులు పోయిరి గాని వారు నేర్పిన సేద్యము పోలేదు.

బల్లరో అంగడిలో ఆ సంగతి తెలియును. మాంసము ముట్టని నాకు అక్కడ ఆకలి యన్నది లేదు. సెనగపిండిని నీటిలో కలియబెట్టి ఉడికించి, పలుచగా పఱచి ఆఱనిచ్చి, ముక్కలు కోసి నూనెలో వేయించెదరు. దీనిపేరు పనెల్లె. నువ్వులద్దిన రొట్టెలో పెట్టి నిమ్మరసము పిండి యిత్తురు. కపొనాత యనునది వంకాయకూర. వేయించిన వంకాయముక్కలతో ఉల్లి, ఆలివుకాయలు చేర్చి, పులుపునకు సిర్కాయు తీపికి చక్కెరయు వేయుదురు. చింతపండు, బెల్లము వేసిన మన పులుసుకూర నాకు జ్ఞప్తికి వచ్చినది. అందు వింత లేదు. వంగ మన ప్రాంతములనుండి పడమటికి పోయిన పంట. సంస్కృతమున ‘వాతింగణ’మన్న పేరే పారసీకమున ‘బాదింగాన్’, అరబ్బీలో ‘బాదిన్జాన్’ అయినది. దానిని, చెఱకును, నిమ్మను అరబ్బులు సిసిలీకి చేర్చిరి.

పెద్దలారా, విత్తు వచ్చినంతమాత్రమున పంట పండదని మీకు నేను చెప్పనక్కఱలేదు. అక్కడ వేసవి నెలలలో వాన బహు స్వల్పము. కావున అరబ్బులు నీటిపద్ధతులనుకూడ తెచ్చిరి. నీరు నిలువచేయు తొట్టిని సిసిలీ రైతు నేటికిని ‘జెబ్బియా’ అనును. పిల్లకాలువను ‘సాయా’ అనును. ఈ రెండును అరబ్బీ మాటలే. కొండయూటలను నగరమునకు తెచ్చుటకు నేలక్రింద త్రవ్విన సొరంగపుకాలువలు కొన్ని యిప్పటికిని ఉన్నవి.

ఈ నీటితో నగరముచుట్టు నిమ్మ, నారింజతోటలు శతాబ్దములు పండెను. ఆ మైదానమును ‘కొంకా దోరో’, అనగా బంగారుచిప్ప యనిరి. కాని 1950, 1960 దశకములలో కొందఱధికారులు, గుత్తదారులు, మాఫియా ముఠాలు కుమ్మక్కై తోటలు నఱికించి, ఆ నేలపై ఎత్తయిన యిండ్లు నింపిరి. దండెత్తి వచ్చిన రాజులు చేయని పని ఇరువదియేండ్లలో జరిగెను. ఊరిచివర చాకుల్లి గ్రామమున మాత్రము కమలాతోటలు కొన్ని మిగిలినవి; వాటిని కాపాడ రైతులు పూనుకొనిరి.

పలెర్మో పోవువారు కోటను చూడవలసినదే, పనెల్లె తినవలసినదే. ఆ మఱునాడు చాకుల్లికి పోయి, సాయాలో నీరు పాఱుట కూడ చూచి రావలెను. ఆ రొట్టెపై పిండిన నిమ్మ మొదట ఎట్టి నీటితో పండినదో అక్కడ కనబడును.