ఊళ్లో జట్టు లేని అభిమాని

గత నెల మేళ్లచెరువులో ఒక ఇంట్లో ప్రార్థన ముగించి టీ తాగుతుంటే ఆ ఇంటి తల్లి కొడుకు మీద ఫిర్యాదు చేసింది. పిల్లవాడు కోదాడలో ఇంటర్ చదువుతున్నాడు. "రాత్రి రెండింటిదాకా ఫోన్ పట్టుకొని కూచుంటాడు అయ్యగారూ. ఫుట్‌బాలట. ఏ దేశమో, ఏ ఊరో. వాళ్లు ఓడిపోతే వీడు అన్నం తినడు. మీరన్నా చెప్పండి" అంది.

అబ్బాయి లేత నీలం జెర్సీలో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అది మాంచెస్టర్ సిటీ జట్టు రంగు. నేను ఏమీ అనకముందే తనే అన్నాడు: "మనకూ ఒక జట్టు ఉండేది అయ్యగారూ. ఇప్పుడు అదీ పోయింది."

"ఎక్కడికి పోయింది బాబూ?"

"ఢిల్లీకి."

మందలించాలని తెరిచిన నోరు మూసుకున్నాను. మన సంఘాల్లో ఇలాంటి యౌవనస్థులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులకు ఇదంతా పిచ్చిగా కనిపిస్తుంది. పిచ్చి అవునో కాదో తేల్చేముందు సంగతేమిటో తెలుసుకోవడం మంచిదనిపించి ఈ వారం ఇది రాస్తున్నాను.

నాకూ ఈ జబ్బు ఒకసారి తగిలిందని ముందే ఒప్పుకుంటాను. 1990 జూలైలో ప్రపంచ కప్ ఫైనల్ మన టైము ప్రకారం రాత్రి పదకొండున్నరకు మొదలైంది. పక్కింటి బ్లాక్ అండ్ వైట్ టీవీలో దూరదర్శన్ పెట్టుకొని చూశాం. 85వ నిమిషంలో పశ్చిమ జర్మనీ పెనాల్టీ గోల్ కొట్టి అర్జెంటీనాను 1–0తో ఓడించింది. మారడోనా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. అర్జెంటీనా మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే అప్పుడు తడుముకునేవాణ్ణి.

ముందు నిద్ర సంగతి చెబుతాను, తల్లులకు అదే ముఖ్యం. ఇంగ్లండ్‌లో శనివారం చివరి ఆట అక్కడి సాయంత్రం ఐదున్నరకు మొదలవుతుంది. వేసవిలో అది మనకు రాత్రి పది. అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి అప్పటినుంచి మార్చి ఆఖరిదాకా అదే ఆట మనకు పదకొండింటికి. అయ్యేసరికి ఒంటిగంట. స్పెయిన్‌లో రాత్రి తొమ్మిదింటి ఆటయితే చలికాలంలో మనకు ఒకటిన్నర, ముగిసేసరికి మూడు దాటుతుంది. అంటే ఆదివారం ఆరాధనలో వెనక బెంచీ మీద తూగేవాడు బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ మనిషయి ఉండే అవకాశం ఎక్కువ. ఇంగ్లండ్ జట్టు పిల్లలు కాస్త నయం. చాంపియన్స్ లీగ్ ఆటలు ఎక్కువగా మంగళ, బుధవారాల్లో జరుగుతాయి. ఆ నష్టం మనకు కాదు, కాలేజీకి.

ఇక అసలు విషయం, సొంత జట్టు అంటే ఏమిటన్నది. మేళ్లచెరువు వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. శివరాత్రి జాతరకు ఇక్కడ ఎడ్ల పందేలు జరుగుతాయని అందరికీ తెలుసు. బండ కట్టి ఎడ్లను వదిలేటప్పుడు మైకులో ఏం చెబుతారు? ఎడ్ల రంగు, వాటి బలం తర్వాత. ముందు యజమాని పేరు, వెంటనే ఊరి పేరు. ఆ ఊరి పేరు వినపడగానే జనంలో ఒక మూల నుంచి ఈలలు లేస్తాయి. జత గెలిస్తే ఊరు గెలిచినట్టే. ఆ ఎడ్లు మేత మేసిన పొలం, నీళ్లు తాగిన కాలువ వాళ్లకు తెలుసు. యజమానితో మాటల్లేనివాడు కూడా ఆ పూట ఈల వేస్తాడు. సొంత జట్టు ఉండడమంటే ఇంతే. దాన్ని మనం ఎంచుకోం, పుట్టిన చోటే అది మనకు అంటగడుతుంది.

మా అబ్బాయికి అలా అంటగట్టేవాళ్లు లేరు. అతనే వెతుక్కున్నాడు. ఫోన్‌లో ఒక ఆట నచ్చింది, ఒక ఆటగాడు నచ్చాడు, రంగు నచ్చింది. సముద్రాలకు అవతలి ఊరి జట్టు అతనిదయింది. ఆ మైదానం గడ్డి అతను తొక్కడు. గోల్ పడినప్పుడు పక్కవాణ్ణి కౌగిలించుకోడు. ఇంట్లో అందరూ పడుకున్నాక నోటికి చేయి అడ్డం పెట్టుకొని అరుస్తాడు. నాకు జాలి కలిగింది ఆ చేయి గురించి విన్నప్పుడే.

మన ప్రాంతానికి ఫుట్‌బాల్ ఎప్పుడూ పరాయిది కాదు. ఈ మాట చెబితే పెద్దలే నమ్మరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా దానిదే. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఉస్మానియాలో చదివి బడిపంతులుగా పనిచేసిన మనిషి. తర్వాత ఆయనే భారత జట్టుకు శిక్షకుడయ్యాడు. 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారు పతకం ఆయన కాలంలోనివే. జకార్తా ఫైనల్లో స్టేడియమంతా మనవాళ్లకు వ్యతిరేకంగా కేకలు వేస్తుంటే దక్షిణ కొరియాను 2–1తో ఓడించారు. అప్పటికే రహీమ్ గారిని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ బిడ్డ. సంతోష్ ట్రోఫీని 1950ల్లో హైదరాబాద్ రెండుసార్లు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965–66లో ఒకసారి మనవాళ్లు గెలిచారు.

మరి అదంతా ఏమైంది? రకరకాల కారణాలు చెబుతారు. క్రికెట్ వచ్చిందంటారు, 1983 ప్రపంచ కప్ తర్వాత పిల్లలంతా బ్యాటు పట్టారంటారు. అందులో నిజముంది. కానీ కలకత్తాలో కూడా క్రికెట్ ఉంది, అక్కడ మోహన్ బగాన్ బతికే ఉంది కదా. నాకు తోచింది చెబుతాను. మన గొప్ప జట్టు పోలీసు శాఖది. ఆటగాడికి అది ఉద్యోగం, శాఖకు అది పేరు. జనం చప్పట్లు కొట్టారు గానీ అందులో జనానికి హక్కు లేదు, సభ్యత్వం లేదు. మోహన్ బగాన్ సంగతి వేరు. అది 1889లో సభ్యులు కలిసి పెట్టుకున్న క్లబ్బు. 1911లో వట్టి కాళ్లతో ఆడి ఇంగ్లీషు సైనికుల జట్టును ఓడించిన కథను తాతలు మనవళ్లకు చెప్పుకున్నారు. మన దగ్గర ఆటంతా జంట నగరాల్లోనే ఉండిపోయింది, నల్గొండ జిల్లా దాకా రాలేదు. కబడ్డీ, వాలీబాల్ వచ్చాయి. వాటికి స్థలం తక్కువ చాలు.

అబ్బాయి "మనకూ ఒక జట్టు ఉండేది" అన్నది హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి. దాని కథ చిన్నదే గానీ చేదుగా ఉంటుంది. ఇండియన్ సూపర్ లీగ్‌లోకి అది 2019లో వచ్చింది. మొదటి ఏడాది అట్టడుగున నిలిచింది. తర్వాత కరోనా. రెండు సీజన్లు అన్ని జట్లనూ గోవాలో ఉంచి, జనాన్ని రానివ్వకుండా ఆడించారు. 2022 మార్చి 20న ఫైనల్‌కు మాత్రం జనాన్ని అనుమతించారు. అది కూడా గోవాలోని ఫతోర్డాలోనే. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్ కావడంతో స్టేడియం పసుపు రంగుతో నిండిపోయింది. ఒక గోల్ వెనకబడి ఉండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హైదరాబాద్ చాంపియన్! కానీ ఆ ఏడాది సొంత ఊళ్లో ఒక్క ఆట కూడా ఆడలేదు. గెలిచిన జట్టు అభిమానులకూ అది టీవీలో జట్టే.

ఆ మరుసటి సీజన్లో ఆటలు గచ్చిబౌలికి తిరిగివచ్చాయి. మా అబ్బాయి మేనమామతో కలిసి ఒకే ఒకసారి వెళ్లాడు. కోదాడ నుంచి బస్సులో వెళ్లి, రాత్రి బస్సు పట్టుకొని తెల్లవారేసరికి వచ్చాడు. ఆ టికెట్టు ఇంకా భౌతికశాస్త్రం పుస్తకంలో ఉంది. ఆ సీజన్లో జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. తర్వాత ఆర్థిక చిక్కులు వచ్చాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023–24లో మళ్లీ అట్టడుగున పడింది. యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

జట్టు ఎలా తరలిపోతుందని ఆ తల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఈ లీగ్‌లో ఆడే హక్కు ఊరిది కాదు, డబ్బు పెట్టిన యజమానిది. దుకాణం లైసెన్సు లాంటిది. గిరాకీ లేదనుకుంటే షట్టరు దించి మరో బజారులో తెరుచుకోవచ్చు. ఇందులో మనం మరచిపోకూడని సంగతి ఒకటుంది. 2019లో హైదరాబాద్‌కు జట్టు ఎలా వచ్చింది? పుణెలో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ ఖాళీలోకి వచ్చింది. మనవాళ్లు ఇక్కడ పసుపు జెర్సీలు కొనుక్కుంటున్నప్పుడు పుణెలో ఎవరో ఒక కుర్రాడు తన జెర్సీ మడిచి పెట్టెలో పెట్టి ఉంటాడు. ఇది చెబితే మా అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. అతనికి అది తట్టలేదట. నాకూ రాసేదాకా తట్టలేదు.

శ్రీనిధి డెక్కన్ అనే మరో జట్టు హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనాలో ఆడుతుంది. రెండో స్థాయి లీగ్‌లో 2023లో, 2024లో రెండుసార్లూ రెండో స్థానంలో నిలిచింది. దాని గురించి అడిగితే "అవును, ఉంది" అన్నాడు, ఎవరో దూరపు బంధువు గురించి చెప్పినట్టు. ఇక్కడ మాత్రం మా అబ్బాయిది నాకు సబబుగా తోచలేదు. నాలుగు గంటల ప్రయాణంలో ఉన్న జట్టును చూడకుండా, ఏడు సముద్రాల అవతలి జట్టు కోసం నిద్ర మానుకోవడం ఏమిటని అన్నాను. "వాళ్ల ఆట ఎవరూ మాట్లాడుకోరు కదా అయ్యగారూ" అన్నాడు. అభిమానికి ఆట ఒక్కటే చాలదు, మర్నాడు దాని గురించి మాట్లాడుకోవడానికి నలుగురు కావాలి. క్లాసులో ముగ్గురు మాంచెస్టర్ సిటీ వాళ్లున్నారు. శ్రీనిధి వాళ్లు ఒక్కరూ లేరు.

అప్పుడు నేను అతనికి తెలియని ఒక సంగతి చెప్పాను. అతని మాంచెస్టర్ సిటీ పుట్టింది ఒక చర్చిలో. వెస్ట్ గోర్టన్ అనే ఫ్యాక్టరీ పేటలో సెయింట్ మార్క్స్ చర్చి ఉండేది. కాపరి ఆర్థర్ కానెల్. తాగుడు, వీధి కొట్లాటల మధ్య పెరుగుతున్న పడుచువాళ్ల కోసం ఆ సంఘం సమావేశాలు పెట్టింది, క్రికెట్ ఆడించింది. చలికాలంలో క్రికెట్ ఆడలేరు కాబట్టి 1880లో ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. ఎవర్టన్ 1878లో సెయింట్ డొమింగో మెథడిస్టు చాపెల్ కుర్రాళ్ల జట్టు. లివర్‌పూల్ 1892లో ఆ ఎవర్టన్‌లో వచ్చిన తగాదాలోంచి పుట్టింది. టాటెన్‌హామ్ బైబిలు తరగతి పిల్లలది, సౌతాంప్టన్ సెయింట్ మేరీస్ చర్చిది, గ్లాస్గోలోని సెల్టిక్ పేద పిల్లల అన్నం కోసం ఒక కాథలిక్ బ్రదర్ పెట్టినది. బోల్టన్ కూడా చర్చి జట్టుగానే మొదలై, కాపరి పెత్తనం భరించలేక 1877లో విడిపోయింది. ఆ చివరి ముక్క తోటి సేవకులు కొంచెం గమనించాలి.

అంటే ఆ తల్లి "ఏ దేశమో, ఏ ఊరో" అన్న జట్టు కూడా ఒకప్పుడు ఒక పేట జట్టే, మేళ్లచెరువులాగే ఫ్యాక్టరీ పొగలో బతికిన మనుషుల జట్టే. దాన్ని ఎవరూ కొని తెచ్చి అక్కడ పెట్టలేదు.

పోయిన జట్టు గురించి మరో సంగతి కూడా చెప్పాను. లండన్‌లో వింబుల్డన్ అనే జట్టును 2003లో యజమానులు మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించారు. ఆ నిర్ణయం వచ్చిన 2002లోనే అభిమానులు తామే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. ఊరి ఉమ్మడి మైదానంలో, రండి ఆడి చూపించండి అని పిలిచి ఆటగాళ్లను ఎంచుకున్నారు. తొమ్మిదో మెట్టు నుంచి మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో, 2011కల్లా, ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. "అక్కడ అవుద్ది అయ్యగారూ. ఇక్కడ మైదానమేది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మన చర్చి వెనక స్థలంలో ఇసుక కుప్ప ఉంది, రెండు వేపచెట్లున్నాయి, కొలిస్తే వాలీబాల్ కోర్టుకు సరిపోతుంది.

చివరికి తల్లీకొడుకుల మధ్య ఒక ఒప్పందం చేయించాను. వారంలో కాలేజీ ఉన్న రాత్రుల్లో ఆటలు లేవు, మర్నాడు పొద్దున గోల్స్ మాత్రం చూసుకోవచ్చు. శనివారం ఒక ఆట, ఇంట్లో టీవీలోనే, చెవుల్లో తీగలు పెట్టుకోకుండా. అబ్బాయి మన టైములతో ఆటల పట్టిక రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. గోల్ పడితే అరవనివ్వాలని అతను పెట్టిన షరతుకు వాళ్లమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

మొన్న ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ప్రార్థన మనవి ఏమైనా ఉందేమో అనుకున్నాను. "అక్కడ గడియారం మార్చారంట అయ్యగారూ. ఇంక మార్చి దాకా పదకొండింటికేనంట" అంది.