దేవకియా? యశోదయా?

కన్నభూమి యొకటి, పెంచినభూమి వేఱొకటి యైనచో బిడ్డ యే దేశము పక్షమున నాడవలెను? కాలిబంతి యాటలో మైదానమధ్యమున నాడు జమాల్ ముసియాలాకు ఈ ధర్మసంకటము కలిగెను.

ఈతడు 2003లో జర్మనీలోని స్టుట్గార్టు నగరమున జన్మించెను. తల్లి జర్మను వనిత; తండ్రి నైజీరియా సంతతికి చెందిన బ్రిటిషువాడు. 7వ యేట ఇంగ్లండు చేరి, చెల్సీ సంఘమున ఆట నేర్చెను. 2019లో మరలివచ్చి బయర్న్ మ్యూనిక్ సంఘమున చేరెను. వేతనమునకు ఏ సంఘమున నాడినను సరియే. దేశపు జట్టు మాత్ర మొక్కటే కావలెను. ఇంగ్లండు యువకుల జట్టున నాడియు, 2021 ఫిబ్రవరిలో, 18 ఏండ్లు నిండకమున్నే, ఆతడు జర్మనీని వరించెను.

కొందఱాతనిని కృతఘ్నుడందురేమో, మేమట్లు తలపము. కృష్ణుడు మధుర కేగినంతమాత్రమున యశోద తల్లి కాకపోయెనా?