వృద్ధుల్లో డెలీరియం: తీవ్రతను ఎలా కొలుస్తారు?

ఆసుపత్రిలో చేరిన వృద్ధులు కొందరు ఉన్నట్టుండి అయోమయానికి లోనవుతారు. తామెక్కడున్నదీ, ఎదుట ఉన్నదెవరన్నదీ పోల్చుకోలేరు. ఈ స్థితినే వైద్యులు డెలీరియం అంటారు. ఏళ్ల తరబడి ముదిరే డిమెన్షియాకు భిన్నంగా, ఇది గంటల్లో లేదా రోజుల్లో తలెత్తి, ఒకే రోజులో హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఇన్‌ఫెక్షన్లు, శరీరంలో నీటిశాతం తగ్గడం, శస్త్రచికిత్స, కొన్ని రకాల మందులు ఇందుకు దారితీయవచ్చు.

డెలీరియంను గుర్తించేందుకు అమెరికా వైద్యురాలు షారన్ ఇనోయె బృందం 1990లో 'కన్‌ఫ్యూజన్ అసెస్‌మెంట్ మెథడ్' (క్యామ్)ను ప్రకటించింది. ఇందులో నాలుగు లక్షణాలు కీలకం: హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులకు లోనయ్యే మార్పు, ఏకాగ్రత లోపం, పొంతన లేని ఆలోచన, స్పృహ స్థాయిలో తేడా. మొదటి రెండూ ఉండి, మిగిలిన రెండింటిలో ఒక్కటైనా కనిపిస్తే డెలీరియంగా పరిగణిస్తారు.

అయితే ఈ విధానం సమస్య ఉందో లేదో మాత్రమే తేలుస్తుంది. ఎంత తీవ్రంగా ఉందన్న ప్రశ్నకు సమాధానంగా 2014లో 'క్యామ్-ఎస్' కొలమానం వెలువడింది. దీని సంక్షిప్త రూపంలో మొదటి లక్షణానికి 0 లేదా 1, మిగిలిన మూడింటికి 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. గరిష్ఠం 7. పది లక్షణాలను పరిశీలించే విస్తృత రూపంలో గరిష్ఠం 19. మార్కులు పెరిగే కొద్దీ ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి రావడం, మరణ ముప్పు కూడా అధికమవుతున్నట్లు పరిశోధకులు గుర్తించారు.

డెలీరియం అనగానే సంధి ప్రేలాపనలు, కలవరింతలే గుర్తుకొస్తాయి. కానీ కొందరు రోగులు మగతగా, మౌనంగా ఉండిపోతారు. విశ్రాంతి తీసుకుంటున్నారని ఇంటివారు భావించే ప్రమాదం ఉంది. స్పృహలో తేడాకూ మార్కులుండటం వల్ల ఈ మౌనం లెక్కలోకి వస్తుంది. రోజూ కొలిస్తే, మూలకారణానికి ఇస్తున్న చికిత్స ఫలిస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. మత్తుమందుతో రోగి నెమ్మదించినంత మాత్రాన కోలుకున్నట్లు కాదు.

ఈ అంచనాలో కుటుంబ సభ్యుల పాత్ర కీలకం. రోగి నిన్నమొన్నటి దాకా ఎలా ఉన్నారో వారికే బాగా తెలుసు. మాటతీరులో, మెలకువలో ఆకస్మిక మార్పు కనిపిస్తే, వయసు ప్రభావమని సరిపెట్టుకోకుండా వెంటనే వైద్యుల దృష్టికి తీసుకెళ్లాలి.